చీమలు పోయాయి, సింహాల వేట మారింది

దివ్య ఖుర్ఆన్‌లో 27వ అధ్యాయం పేరు ‘అన్ నమ్ల్’. అంటే చీమ. ఆవు పేరు, తేనెటీగ పేరు, సాలెపురుగు పేరు, ఏనుగు పేరు ఉన్నట్టే చీమ పేరుతో కూడా ఒక అధ్యాయం ఉందని మన పిల్లలకు మక్తబ్ రోజుల నుంచే తెలుసు. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) సైన్యంతో వస్తుంటే ఒక చీమ తోటి చీమలను హెచ్చరించి గూళ్ళలోకి వెళ్ళిపొమ్మన్న ఉదంతం అందులో 18వ ఆయత్‌లో వస్తుంది. ఆ మాట విని ఆయన చిరునవ్వు నవ్వారు, ప్రభువుకు కృతజ్ఞత చెప్పుకున్నారు. ఈ కథ చెప్పగానే ఏ పిల్లవాడైనా అడిగే ప్రశ్న ఒకటే. చీమలు నిజంగా మాట్లాడుకుంటాయా?

ఆయత్‌లోని మాటను ప్రయోగశాలలో రుజువు చేయాలన్న ఉబలాటం మాకు లేదు. విశ్వాసానికి ఆ అవసరమూ లేదు. శాస్త్రజ్ఞులు చూసింది మాత్రం చెబుతాం. చీమలు ఎక్కువగా వాసనలతో ఒకదానికొకటి సంగతులు తెలుపుకుంటాయి. ఆహారం దొరికిన చీమ తిరిగి వస్తూ నేల మీద ఒక రసాయనాన్ని గీతలా రాసుకుంటూ వస్తుంది. మిగతావి ఆ గీత పట్టుకుని బారులు తీరతాయి. ప్రమాదం వచ్చినప్పుడు విడుదల చేసే వాసన వేరు. దాంతో గూడంతా క్షణాల్లో అప్రమత్తమవుతుంది. చక్కెర డబ్బా దగ్గర చీమల బారు కనిపిస్తే మన నానమ్మలు సబ్బునీళ్ళ గుడ్డతో ఆ దారి తుడిచి, డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టేవారు. దారి తుడవడమంటే ఆ వాసన గీతను చెరిపేయడమే. ఇప్పుడు మనకు అంత ఓపిక లేదు. పొడి మందు చల్లేస్తున్నాం.

హదీసు గ్రంథాల్లో మరో ఉదంతం ఉంది. పూర్వం ఒక ప్రవక్తను చీమ కుట్టింది. ఆయన చీమల గూడునే తగలబెట్టించారు. కుట్టింది ఒక్క చీమే కదా, దానికోసం దైవాన్ని స్తుతించే ఒక సముదాయాన్నే కాల్చివేశావా అని ఆయనను అల్లాహ్ మందలించాడని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ నమోదయింది. అక్కడ చీమలకు వాడిన పదం ‘ఉమ్మత్’. మనం మన గురించి వాడుకునే పదమే.

సాధారణంగా మనం ఇంతవరకు చదివి, జీవకారుణ్యం గురించిన మంచి మాటగా స్వీకరించి పుస్తకం మూసేస్తాం. ఈ వారం మేము ఒక అడుగు ముందుకు వేయాలనుకున్నాం. చీమల సముదాయం ఒకటి ఒక నేల మీద నుంచి తుడిచిపెట్టుకుపోతే ఏం జరుగుతుంది? ఇది ఊహాప్రశ్న కాదు. తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో అది జరిగింది. ఏం జరిగిందో శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కాపు కాసి లెక్క తీశారు.

ముందు చీమల లోకం ఎంతటిదో కాస్త చూద్దాం. శాస్త్రం ఇప్పటికి పేరు పెట్టిన చీమ జాతులు 14 వేలకు పైనే. భూమ్మీద మొత్తం ఎన్ని చీమలున్నాయో హాంకాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో అంచనా కట్టారు. 2 పక్కన 16 సున్నాలు పెడితే ఎంతో అన్ని! తలా ఒక్కరికి సుమారు 25 లక్షల చీమలన్నమాట. అడవి పక్షులు, అడవిలో పాలిచ్చే జంతువులు అన్నీ కలిపి తూచినా చీమల తూకమే ఎక్కువని ఆ లెక్క చెబుతోంది. నేల మీద తిరిగే చీమల్లో ఎక్కువ భాగం ఉండేది ఉష్ణమండలపు తడి అడవుల్లో, గడ్డి మైదానాల్లో.

వాటి వైవిధ్యం ఇంకా ఆశ్చర్యకరం. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ పెరూ దేశపు అడవిలో ఒకే ఒక్క చెట్టు మీది చీమలను పరిశీలించి 43 జాతులు ఉన్నాయని 1987లో ప్రకటించారు. బ్రిటిష్ దీవులన్నీ గాలించినా దాదాపు అన్ని జాతులే దొరుకుతాయి. దక్షిణ అమెరికాలో ఆకులు కత్తిరించి మోసుకుపోయే చీమలున్నాయి. అవి ఆ ఆకులను తినవు. వాటిని ఎరువుగా వేసి నేల అడుగున బూజు పంట పండించుకుని దాన్ని తింటాయి. స్థిరమైన గూడే లేకుండా దండులా కదిలిపోతూ వేటాడేవి మరికొన్ని. ఇంత దూరమెందుకు, మన మామిడి తోటల్లో ఆకులను కలిపి కుట్టి బంతిలాంటి గూడు కట్టే ఎర్ర చీమలను చూడని వారెవరు? పెద్ద చీమలు ఆకుల అంచులను పట్టి లాగుతాయి. మరికొన్ని తమ పిల్ల పురుగులను నోట కరచుకుని ఆ అంచుల మీద అటూ ఇటూ తిప్పుతాయి. ఆ పిల్ల పురుగు వదిలే పట్టుదారమే కుట్టు. చైనాలో నారింజ తోటల పురుగులు పోవడానికి ఇలాంటి చీమల గూళ్ళను కొని చెట్లకు కట్టుకునేవారని 1700 ఏళ్ళ కిందటే రాసి పెట్టారు.

ఇక కెన్యా సంగతి. కెన్యా పర్వతానికి వాయవ్యంగా, భూమధ్యరేఖ మీదనే లైకిపియా అనే పీఠభూమి ఉంది. అక్కడి నేల మన తెలంగాణలోనూ రాయలసీమలోనూ కనిపించే నల్లరేగడి వంటిదే. వానకు బురద, ఎండకు నెర్రెలు. ఆ నేల మీద దాదాపు ఒకే ఒక జాతి చెట్టు పెరుగుతుంది. నూటికి 95కు పైగా అవే. మన నల్లతుమ్మకు దగ్గరి చుట్టం. దాని కొమ్మల మీద కొన్ని ముళ్ళు మొదట్లో ఉబ్బి, నిమ్మకాయలా గుండ్రంగా, లోపల డొల్లగా ఉంటాయి. చీమలు వాటికి కన్నాలు పెట్టుకుని లోపల కాపురం ఉంటాయి. గాలి వీచినప్పుడు ఆ కన్నాల్లో ఈల మోగుతుంది. అందుకే ఇంగ్లీషులో దాన్ని విజిలింగ్ థార్న్ అంటారు. మనం ఈల తుమ్మ అనుకుందాం.

చెట్టు చీమలకు ఇల్లే కాదు, తిండి కూడా పెడుతుంది. ఆకు కాడల మీది చిన్న గ్రంథుల నుంచి తియ్యని రసం ఊరుతుంది. బదులుగా చీమలు చెట్టుకు కాపలా. కొమ్మ కదిలితే చాలు, వేలకొద్దీ చీమలు బయటకు దూకి కరుస్తాయి. రోజుకు బండెడు మేత మేసే ఏనుగును ఆపగలిగింది అక్కడ ఈ చీమే! తొండం లోపలి చర్మం ఎంతో సున్నితం. అందులోకి చీమలు దూరితే ఏనుగు భరించలేదు. కెన్యాలోనే సావో ప్రాంతంలో మనుషుల సంరక్షణలో ఉన్న కుర్ర ఏనుగులకు పరిశోధకులు రెండు రకాల కొమ్మలు అందించారు. చీమలు తీసేసిన కొమ్మలను అవి హాయిగా తిన్నాయి. చీమలున్న వాటిని తప్పించుకున్నాయి. జేకబ్ గోహీన్, టాడ్ పామర్ అనే ఇద్దరు ఈ సంగతిని 2010లో ప్రకటించారు.

ఈ కాపలాదారులంతా ఒకే రకం కాదు. ఈల తుమ్మ మీద కాపురముండే చీమలు ముఖ్యంగా నాలుగు జాతులు. సాధారణంగా ఒక చెట్టు మీద ఒక జాతే ఉంటుంది. చెట్ల కోసం వాటి మధ్య భీకరమైన యుద్ధాలు జరుగుతాయి. దాదాపు సగం చెట్లను ఏలే జాతి మంచి కాపలాదారు. చెట్టు మీద ఏ జంతువు నోరు పెట్టినా ఊరుకోదు. మరో జాతి బలహీనమైనది. పక్క చెట్టు కొమ్మ తగిలితే అటు నుంచి శత్రువులు వస్తాయని తన చెట్టు పక్క మొగ్గలను తనే కొరికేస్తుంది. పాపం, ఆ చెట్టు పూత కూడా పోతుంది. మూడోది ఇంకా బలహీనం. తన చెట్టు మీద ఇతరుల కన్ను పడకుండా తీపి గ్రంథులనే నాశనం చేసుకుంటుంది. నాలుగోది యుద్ధంలో అందరికంటే బలమైనది, కాపలాలో మాత్రం సోమరి. అది ముళ్ళలో ఉండదు. కాండాన్ని తొలిచే పురుగులు చేసిన తొర్రల్లో ఉంటుంది, కాబట్టి ఆ పురుగులు వస్తే దానికి లాభమే. అన్నీ చీమలే, అన్నీ ఒకే చెట్టు మీద బతికేవే. చెట్టుకు మేలు చేసే తీరు మాత్రం ఎంత వేరు!

ఇక్కడ ఒక తమాషా జరిగింది. 1995లో అక్కడ కొన్ని చెట్ల చుట్టూ విద్యుత్ కంచె వేసి ఏనుగులు, జిరాఫీలు రాకుండా చేశారు. పదేళ్ళు గడిచాయి. మేసే జంతువు లేదు కనుక చెట్లు బాగుపడి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. మేమూ అదే అనుకున్నాం. కానీ చెట్లు నీరసించాయి. శత్రువు రాకపోయేసరికి చెట్టు చీమలకిచ్చే జీతం తగ్గించేసింది. ఉబ్బు ముళ్ళు తగ్గాయి, తీపి రసం తగ్గింది. మంచి కాపలా చీమలు చిక్కిపోయాయి. ఆ సోమరి జాతి వచ్చి చాలా చెట్లను ఆక్రమించింది. దాని వెంట కాండం తొలిచే పురుగులూ వచ్చాయి. కంచె లోపలి చెట్లు నెమ్మదిగా పెరిగాయి, ఎక్కువగా చనిపోయాయి. 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితం వచ్చినప్పుడు పర్యావరణ శాస్త్రజ్ఞులే నివ్వెరపోయారు.

అసలు విపత్తు మాత్రం ఏనుగు వల్ల రాలేదు. మరో చీమ వల్ల వచ్చింది. పెద్ద తల ఉండే సైనిక చీమలు గల ఒక జాతి ఉంది. సరుకుల్లో, మొక్కల వేళ్ళ మట్టిలో దాక్కుని మనుషులతో పాటు ప్రయాణం చేసి ఉష్ణమండలమంతటా పాకింది. ప్రపంచంలోకెల్లా హానికరమైన 100 వలస జీవుల పట్టికలో దానికి చోటుంది. ఇరవై ఏళ్ళ కిందట అది లైకిపియాకు చేరింది. దాని గూళ్ళ మధ్య యుద్ధాలుండవు. నేల అడుగున అన్నీ కలిసికట్టుగా ఉంటాయి. అది ఈల తుమ్మల మీదికెక్కి కాపలా చీమలను చంపింది. గుడ్లను, పిల్లలను తినేసింది. అలాగని తాను చెట్టుకు కాపలా కాయదు. చెట్టు దిక్కులేనిదైంది. ఏనుగులు ఆ సంగతి పసిగట్టాయి. పెద్దతల చీమ చేరిన చోట ఏనుగులు చెట్లను విరిచేసే వేగం ఐదు నుంచి ఏడు రెట్లు పెరిగింది.

చెట్లు పోతే ఎవరికి నష్టం? ఇక్కడే కథ సింహాల దాకా వెళుతుంది. లైకిపియాలోని ఓల్ పెజెటా అభయారణ్యంలో సింహాల ప్రధాన ఆహారం చారల గుర్రాలు, అంటే జీబ్రాలు. జీబ్రా పరుగులో సింహానికి చిక్కదు. సింహం పొదచాటున నక్కి ఉండి హఠాత్తుగా దూకాలి. ఆ చాటు ఇచ్చేది ఈల తుమ్మలే. అవి కూలిపోయి నేల బయలైంది. సింహం దూరం నుంచే జీబ్రా కంటపడుతోంది. కెన్యాకు చెందిన డగ్లస్ కమారు, ఆయన బృందం ఆడ సింహాల మెడకు జాడ చెప్పే పట్టీలు కట్టి, అవి ఎక్కడ వేటాడాయో ఒక్కొక్క చోటికీ వెళ్ళి చూశారు. ఏనుగులు రాకుండా కంచె వేసిన మడులతో పోల్చి చూశారు. 2024 జనవరిలో ఫలితాలు వెల్లడించారు. పెద్దతల చీమ చేరని చోట జీబ్రా వేటలు దాదాపు మూడు రెట్లు ఎక్కువ. 2003లో సింహాల వేటల్లో నూటికి 67 జీబ్రాలు. 2020 నాటికి 42కు పడిపోయింది. అదే కాలంలో అడవి దున్నల వాటా సున్నా నుంచి 42కు పెరిగింది.

ఏనుగుకు తెలియదు, జీబ్రాకు తెలియదు, సింహానికి అసలే తెలియదు. ఒకరి మెడ మీద మరొకరి బరువుంది, ఆ బరువంతా కింద చీమ మోస్తూ వచ్చింది.

సింహాల సంఖ్య ఇప్పటికైతే తగ్గలేదని పరిశోధకులు చెప్పారు. వేట మార్చుకుని నెట్టుకొస్తున్నాయి. కానీ జీబ్రాను పడగొట్టడం వేరు, దున్నను పడగొట్టడం వేరు. దున్న కొమ్ములకు సింహాలు కూడా చనిపోతాయి. దానికి ఒకటి రెండు సింహాలు చాలవు, గుంపు కావాలి. ఈల తుమ్మ ఆకులను, కొమ్మలను మేసే నల్ల ఖడ్గమృగాలకు తూర్పు ఆఫ్రికాలోకెల్లా పెద్ద ఆశ్రయం కూడా ఓల్ పెజెటానే. చెట్లు తగ్గితే వాటి మేత ఏమిటన్నది ఇంకో ప్రశ్న.

పెద్దతల చీమ రాణులు కొత్త చోటికి ఎక్కువగా నడిచే వెళతాయి. అందువల్ల అది దూకుడుగా వ్యాపించదు. దాని సరిహద్దు ఏడాదికి సుమారు 50 మీటర్ల చొప్పున ముందుకు జరుగుతోందని లెక్కగట్టారు. ఆ గీతకు అవతల కాపలా చీమలున్నాయి, చెట్లున్నాయి, పొదచాటున సింహమూ ఉంది.