మెలట్టూరు వేసవి రాత్రులు

తంజావూరు కోటలోని సరస్వతీ మహలు మన దేశంలోని పురాతన గ్రంథాలయాలలో ఒకటి. నాయక రాజుల కాలంలో మొదలై, మరాఠా రాజుల కాలంలో పెరిగి, రెండవ శరభోజి చేతిలో అది గొప్ప భాండాగారమయింది. శరభోజి 1798 నుండి 1832 వరకు రాజుగా ఉన్నాడు. గ్రంథాలయానికి అనుబంధంగా ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. వేసవి సెలవులలో తంజావూరు పెద్దగుడి చూడవచ్చిన పిల్లలు ఇక్కడికి కూడా వస్తారు. గాజుపలకల వెనుక ఉన్న తాటాకు ప్రతులను వంగి వంగి చూస్తారు. ఈ గ్రంథాలయ సంపదలో తెలుగు ప్రతులు కూడా వందల సంఖ్యలో ఉన్నాయి.

తమిళదేశం నడిబొడ్డున ఇంత తెలుగు ఎలా వచ్చింది? తంజావూరు నాయక రాజులు తెలుగువారు. రఘునాథనాయకుడు స్వయంగా కవి. ఆయన కుమారుడు విజయరాఘవనాయకుడు యక్షగానాలు రచించాడు. ఆ ఆస్థానంలోనే రంగాజమ్మ అనే కవయిత్రి ‘మన్నారుదాస విలాసము’ రచించింది. నాయకుల తరువాత వచ్చిన మరాఠా రాజుల ఇంటి భాష మరాఠీ. అయినా 1684లో గద్దెనెక్కిన షాహాజీ తెలుగులో అనేక యక్షగానాలు రాశాడు. రాజు ఏ భాషవాడైనా కొలువులో పాటకు, ఆటకు తెలుగే భాషగా నిలిచింది.

యక్షగానం చదువుకొని పక్కన పెట్టే పుస్తకం కాదు. పాడడానికి, ఆడడానికి పుట్టిన రచన. 1855లో మరాఠా వంశపు పాలన పేరుకు కూడా లేకుండా పోయింది. కొలువు పోయింది, కొలువులోని రంగస్థలమూ పోయింది. ఆ నాటకాలలో చాలావాటికి తాటాకే చివరి చోటయింది. ప్రదర్శనశాల వాటిని చెదలు నుండి, తేమ నుండి కాపాడుతున్నది. అది చిన్న సేవ కాదు. కాని ఆ పాటను ఏ రాగంలో ఎత్తుకోవాలో, ఆ మాటకు చేయి ఎలా కదలాలో తాటాకు చెప్పలేదు.

ఆ సంగతి చెప్పగలిగిన ఊరు ఒకటి తంజావూరుకు ఇరవై కిలోమీటర్ల లోపే ఉంది. దాని పేరు మెలట్టూరు. అక్కడ ప్రతి వేసవిలోను, వైశాఖమాసంలో, గుడి ముందరి వీధిలో రాత్రంతా తెలుగు నాటకాలు ఆడతారు. ఆడేవారు ఆ ఊరివారే. ఈ ఉత్సవానికి భాగవత మేళ అని పేరు.

1565లో రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. విజయనగరం పాడుపడింది. అక్కడి పండితులు, గాయకులు, నర్తకులు ఆశ్రయం వెదుక్కుంటూ దక్షిణానికి తరలివచ్చారు. తంజావూరు పాలకుడు అచ్యుతప్పనాయకుడు వారిలో ఐదువందల పది బ్రాహ్మణ కుటుంబాలకు ఈ ఊరిని దానంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ఒక్కొక్క కుటుంబానికి ఒక ఇల్లు, ఒక బావి, కొంత సాగుభూమి ఇచ్చాడట. దాత పేరు మీద ఊరిని అచ్యుతాబ్ధి అని కూడా పిలిచారు. భూమి ఉన్నది కనుక పొట్టకూటికి ఊరూరా తిరగవలసిన పని లేకపోయింది. కూచిపూడి భాగవతులకూ వీరికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. రెండూ భాగవత కథలను ఆడే తెలుగు సంప్రదాయాలే, పోలికలూ ఎక్కువే. అయితే కూచిపూడివారు మేళాలు కట్టుకొని ఊళ్ళు తిరిగి ప్రదర్శించారు. మెలట్టూరువారు చాలాకాలం తమ దేవుని ముందు తప్ప మరొకచోట ఆడలేదు. వారికిది వృత్తి కాదు, మొక్కు.

ఈ ఊరు సంగీతానికి కూడా పేరు పొందింది. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు సంగీతం నేర్చుకున్నది మెలట్టూరు వీరభద్రయ్య దగ్గరనే. ఇక్కడ నేటికీ ఆడుతున్న నాటకాలను రచించినవాడు మెలట్టూరు వేంకటరామశాస్త్రి. ఆయన త్యాగరాజుకు సమకాలికుడు. త్యాగరాజు 1767 నుండి 1847 వరకు జీవించాడు. వేంకటరామశాస్త్రి రచనలలో ప్రహ్లాద చరిత్రము, మార్కండేయ చరిత్రము, ఉషాపరిణయము, రుక్మాంగద చరిత్రము, సీతాకల్యాణము, హరిశ్చంద్ర ముఖ్యమైనవి. హరిశ్చంద్ర నాటకం ఒక్క రాత్రిలో పూర్తికాదు, రెండు రాత్రులు కావాలి.

ఈ నాటకాలలో పద్యాలు, వచనాలు, దరువులు కలిసి ఉంటాయి. దరువు అంటే తాళానికి ఒదిగి, పాత్ర మనసును చెప్పే పాట. పాత్ర తెర వెనుక నుండి రంగం మీదికి వచ్చేటప్పుడు పాడేది ప్రవేశ దరువు. ఆ ఒక్క పాటలోనే వచ్చినవారెవరో, వారి నడక ఎటువంటిదో, గుణమెటువంటిదో ప్రేక్షకులకు తెలిసిపోతుంది. హిరణ్యకశిపుని దరువు వినగానే గర్వం వినిపించాలి. లీలావతి దరువులో తల్లి నెమ్మది వినిపించాలి.

ఉత్సవం వేసవిలోనే ఎందుకు? వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. ఊరి దైవం నరసింహస్వామి గనుక ఆ నాటి రాత్రి ప్రహ్లాద చరిత్రము ఆడి తీరాలి. తక్కిన నాటకాలు ఆ తరువాతి రాత్రులలో వస్తాయి. ఇందుకు తోడు వ్యవసాయపు వీలు కూడా ఉన్నది. ఇది కావేరి పంటభూమి. మేట్టూరు ఆనకట్ట నుండి కాలువలకు నీరు వదలడం ఆనవాయితీగా జూన్ 12న జరుగుతుంది. అంతకు ముందు వైశాఖంలో పొలం పని తక్కువ. రాత్రంతా మేలుకొని మరునాడు పగలు నిద్రపోయినా కొంప మునగదు. ఇప్పుడు బడులకు సెలవులు కూడా ఆ రోజులలోనే రావడం మరొక వీలు.

రాత్రి తొమ్మిది పది గంటల వేళ వరదరాజస్వామి గుడి ముందు పందిరిలో జనం చేరుతారు. ఒకప్పుడు దివిటీలు, నూనె దీపాలు ఉండేవి. ఇప్పుడు విద్యుద్దీపాలు, మైకులు వచ్చాయి. మొదట పొడవైన టోపీ పెట్టుకొని కోణంగి గంతులు వేస్తూ వస్తాడు. పిల్లలకు అతడంటే మహా ఇష్టం. అతడు వెళ్ళాక మృదంగం, వయొలిన్, తాళాలతో గాయకులు తోడయమంగళం పాడతారు. ఆ తరువాత ఏనుగు ముఖం తొడుక్కున్న గణపతి వస్తాడు. ఆ ముఖం వెనుక ఉండేది ఒక చిన్న పిల్లవాడు. గణపతి ఆశీర్వదించి వెళ్ళిన పిమ్మట కట్టియకారుడు వచ్చి, రాజు వస్తున్నాడు, పరాకు అని చాటుతాడు. అక్కడితో కథ మొదలవుతుంది.

వేషగాళ్ళందరూ మగవారే. లీలావతి, ఉష, చంద్రమతి పాత్రలు కూడా పురుషులే ధరిస్తారు. కూచిపూడిలోను పూర్వం ఇదే పద్ధతి. వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీ వేషం చూసి పురుషుడని నమ్మలేకపోయిన ప్రేక్షకులు ఎందరో. కూచిపూడిలో తరువాత స్త్రీలు నేర్చి పేరు తెచ్చుకున్నారు. మెలట్టూరు పాత కట్టుబాటునే పట్టుకొని ఉన్నది. ఊరి ఆడపిల్లలు ఈ పాటలన్నీ వింటూ పెరిగినా వేషం కట్టే అవకాశం వారికి లేకపోవడం లోటనే చెప్పాలి.

కథ నడుమకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ప్రహ్లాదునికి విషం పెట్టించడం, పాములతో కరిపించడం, తల్లి దుఃఖం, ఒక్కొక్కటీ నిదానంగా సాగుతాయి. ఈ నాటకానికి తొందర లేదు. ఒక్క దరువులోని ఒక్క మాటను నటుడు నాలుగైదు విధాల అభినయించి చూపుతాడు. కునికిపాట్లు పడే పిల్లలు తల్లుల ఒడిలో ఒరుగుతారు. స్తంభం పగిలే ఘట్టానికి మాత్రం అందరూ లేచి కూర్చుంటారు.

నరసింహస్వామి ముఖం సామాన్యమైన వేషసామగ్రి కాదు. ఏడాది పొడవునా గుడిలో ఉండి పూజలందుకునే మూర్తి అది. దానిని ధరించేవాడు ఆనాడు ఉపవాసం ఉంటాడు. ముఖం తొడిగిన తరువాత అతనికి ఆవేశం వస్తుందని ఊరివారి నమ్మకం. అందుకే ఇద్దరు ముగ్గురు అతనిని గట్టిగా పట్టుకొని ఉంటారు. హిరణ్యకశిపునికీ నరసింహునికీ మధ్య వాదం సాగేవేళకు తూర్పు తెల్లవారుతూ ఉంటుంది. హారతి పడుతుంది. చూసేవారు చేతులు జోడిస్తారు. అప్పటిదాకా నాటకం చూసిన జనం అప్పుడు దేవుణ్ణి చూస్తారు.

ఇంతకూ ఈ తెలుగు నాటకాలను ఆడేవారిలో, చూసేవారిలో చాలామంది వాడుక మాట తమిళం. నాలుగు వందల ఏళ్ళలో ఇళ్ళలోని తెలుగు పలచబడింది. తెలుగు లిపి చాలావరకు పోయింది. నటులు తమ భాగాలను తమిళ లిపిలో రాసుకొని నేర్చుకుంటారు. ఇందులోని కష్టం రెండు లిపులు తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ లకు ఒకటి. ప, ఫ, బ, భ లకు ఒకటి. ‘దాత’ అని రాసినా ‘తాత’ అని రాసినా తమిళ లిపిలో ఒక్కటిగానే కనబడతాయి. ‘బాట’, ‘పాట’ కూడా అంతే. తమిళనాట సంగీత పుస్తకాలలో ఈ చిక్కు తీర్చడానికి అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసే పద్ధతి ఉంది. అంకె లేకపోతే క, 3 వేస్తే గ. అయినా పుస్తకం ఒక్కటే చాలదు. ముందు తరంవాడు ఎదుట కూర్చుండి పలికి చూపాలి, తప్పు పలికితే ఆపి దిద్దాలి. కొన్ని మాటలు దారిలో అరిగి ఉండవచ్చు. కాని ‘దాత’ను ‘తాత’ కానివ్వకుండా ఇన్ని తరాలు మోసుకురావడం సామాన్యమైన పని కాదు.

అర్థం తెలియకుండా వల్లించే భాష భాష అవుతుందా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు అభినయంలో ఉంది. గాయకుడు మాట అనగానే నటుని చేయి, కన్ను ఆ మాటను చూపాలి. ‘కలువ’ అన్నప్పుడు చేతివేళ్ళు విచ్చుకోవాలి, ‘బాణము’ అన్నప్పుడు విల్లు వంగాలి. వల్లెవేసినవాడు నోటితో తప్పించుకోవచ్చునేమో గాని చేతితో తప్పించుకోలేడు. అందువల్ల ప్రతి మాటకూ అర్థం అడిగి తెలుసుకోక తప్పదు. బజారులో తెలుగు మాట్లాడలేని వ్యక్తి రంగం మీద హరిశ్చంద్రుని దుఃఖాన్ని తెలుగు మాట మాటకూ చూపగలగడం ఇందువల్లనే సాధ్యమవుతున్నది.

ఈ ఉత్సవం ఎప్పుడూ ఒకే తీరున సాగలేదు. సాలియమంగళం, తెప్పెరుమానల్లూరు, ఊత్తుకాడు, శూలమంగళం, నల్లూరు గ్రామాలలోను భాగవత మేళ ఉండేది. ఇరవయ్యో శతాబ్దంలో చదువుల కోసం, ఉద్యోగాల కోసం కుటుంబాలు పట్టణాలకు వెళ్ళిపోయాయి. నటులు కరువై కొన్ని ఊళ్ళలో ఆట ఆగిపోయింది. మెలట్టూరులో నటేశ అయ్యరు అనే గొప్ప కళాకారుడు దీనిని నిలబెట్టాడు. ఆయన వద్ద నాట్యం నేర్చిన న్యాయవాది ఇ. కృష్ణ అయ్యరు ఈ కళను గురించి లోకానికి చాటాడు. మద్రాసు కళాక్షేత్రంలో రుక్మిణీదేవి 1959లో ఉషాపరిణయాన్ని నృత్యనాటకంగా రూపొందించింది. ఊరిలో తరువాత రెండు సమాజాలు ఏర్పడ్డాయి. భేదాభిప్రాయాలు ఉంటే ఉండవచ్చు గాని, ఒకరి పందిరికి మరొకరి పందిరి పోటీ కావడం వల్ల ఆట మాత్రం ఆగలేదు.

నేటి నటులలో చాలామంది ఊరిలో ఉండరు. చెన్నైలోను, ఇతర నగరాలలోను బ్యాంకులలో, కార్యాలయాలలో పనిచేస్తారు. వైశాఖం రాగానే సెలవు పెట్టి వస్తారు. ఎవరి ఇంటికి ఏ పాత్ర అన్నది చాలావరకు వంశపరంపరగా వస్తున్న హక్కు. తండ్రి కట్టిన వేషం కొడుకు కడతాడు. సామాన్యంగా చిన్నవాడు మొదట గణపతి ముఖం తొడుక్కుంటాడు. అప్పుడు వానికి పాట ఉండదు, అడుగులు మాత్రమే. నాలుగేళ్ళకు ఆ ముఖం బిగుతవుతుంది. మరొక పిల్లవానికి దానిని ఇచ్చి, తమిళ అక్షరాల పక్కన అంకెలున్న నోటుపుస్తకం పట్టుకొని, ప్రహ్లాదుని దరువు నేర్చుకోవడానికి తాత ఎదుట కూర్చుంటాడు.