సున్నా ఎలా వచ్చింది?

మొన్న ల్యాబ్‌లో మార్కుల సగటు కట్టాం. 72, 65, 81 అంకెల్ని పైథాన్‌లో నంపై అరేగా పెట్టి, సీ భాషలో రాసుకున్న ఫంక్షన్‌కి సీటైప్స్ ద్వారా పంపాం. జవాబు 0.00! ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇలా పంపేటప్పుడు అంకెలు కదలవు. మెమరీలో అవి ఉన్నచోటి చిరునామా ఒక్కటే వెళ్తుంది. పది లక్షల డబుల్ సంఖ్యలకు 80 లక్షల బైట్లు కావాలి, చిరునామాకు 8 చాలు. అందుకే అంత వేగం. కానీ అక్కడున్నవి ఏ రకమో, ఎన్నో చిరునామా చెప్పదు. మావి 64 బిట్ల పూర్ణాంకాలు. సీ వాటిని డబుల్ అనుకుని చదివింది. అలా చదివితే చిన్న పూర్ణాంకాలు దాదాపు సున్నా అయిపోతాయి.

మన సున్నా కూడా అంతే కదా! లెక్కలో శూన్యం, ‘అంకె’ అనే మాటలో ముక్కుతో పలికే అక్షరం. గుండ్రం ఒకటే, చదవడంలోనే తేడా.

అందుకని పంపేముందు అరేని ఫ్లోట్64గా మార్చాలి. సంఖ్యలు పక్కపక్కనే ఉన్నాయో లేదో చూడాలి. ఎన్ని ఉన్నాయో విడిగా చెప్పాలి. రకం, వరస ఎన్‌డీపాయింటర్‌తో ముందే ప్రకటిస్తే, తప్పు అరేని పైథానే ఆపేస్తుంది.

సరిచేశాక 72.67 వచ్చింది. ఎర్రర్ రాలేదు కదా అని లెక్కను నమ్మేయకండి.