నొప్పి బిళ్ళ వేరు, వాతం మందు వేరు

పలాసలో జీడిపప్పు మీద పొట్టు తీసే పనంటే రోజంతా బొటనవేలికి, చూపుడువేలికి తెరిపి ఉండదు. ఆ చేతికి కీళ్ళవాతం వస్తే మొదట తెలిసేది పొద్దున్నే. పిడికిలి బిగియదు, చెంబు చేతిలో నిలవదు. పని అలుపు రాత్రి నిద్రతో తీరుతుంది; ఈ బిగుతు నిద్ర లేచాకే ఎక్కువ, గంట దాటినా వదలదు.

డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి బిళ్ళలు నొప్పినీ వాపునీ తగ్గిస్తాయి గానీ కీలు అరిగిపోవడాన్ని ఆపలేవు. వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు ఒంట్లో తయారు కాకుండా ఇవి అడ్డుపడతాయని 1971లో చూపించిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ వచ్చింది. చిక్కేమిటంటే, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ఉద్దానం అనే ఆ ప్రాంతంలో ఎందరినో పీడించే కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. కానీ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఎండలో చెమటోడ్చి వచ్చి వేసుకునే నొప్పి బిళ్ళ మరో దెబ్బ. అక్కడ కీళ్ళనొప్పులున్న ప్రతి అమ్మకూ బిళ్ళ కంటే ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష జరగాలని నా కోరిక.



నొప్పిని కాక జబ్బునే అదుపు చేసే వాతం మందులు వేరు. సీతంపేట, పార్వతీపురం మన్యంలో మలేరియా అనగానే గుర్తొచ్చే క్లోరోక్విన్‌కు తోబుట్టువు హైడ్రాక్సీక్లోరోక్విన్. అది కీళ్ళవాతానికీ మందే. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు కళ్ళు చూపించుకుంటూ ఉండాలి.

ఈ మందుల్లో అసలు పట్టుగొమ్మ మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద ఆ రోజు పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయించుకోండి. ఇదీ కిడ్నీల గుండానే బయటికి పోతుంది కాబట్టి రక్తపరీక్షలు మానకూడదు.

అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఈ మందు వెలుగు చూసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం చేతిలో. అప్పట్లో దాన్ని వాడింది రక్త క్యాన్సర్ పిల్లలకు. ఆయన 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు. మరుసటి నెలలోనే మేయో క్లినిక్‌లో ఒక కీళ్ళవాతం రోగికి తొలిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చారు. కానీ సుబ్బారావు గారి మందుకు అమెరికా ప్రభుత్వం కీళ్ళవాతానికి అనుమతి ఇచ్చింది 1988లో, ఆయన పోయిన 40 ఏళ్ళకు.