చేతికందే గూడు: ప్రాథమిక బడిలో సామాను సర్దే తీరు

ప్రాథమిక బడి తరగతి గదిలో ఉండే సామాను మూడు రకాలు. చాక్‌పీసులు, పెన్సిళ్లు, స్కెచ్‌పెన్నులు, తెల్లకాగితాలు, గమ్ము రోజూ అయిపోయే సరుకు. అక్షర కార్డులు, పూసల దండ, పుల్లల కట్టలు, గడియారం నమూనా, గ్లోబు, పటాలు, కథల పుస్తకాలు ఏళ్ల తరబడి వాడుకునేవి. ఈ రెండో రకాన్ని ఉపాధ్యాయులు టీఎల్ఎం అంటారు. బోధనాభ్యసన సామగ్రి అన్న నిండు పేరు ఎక్కువగా ఉత్తర్వుల్లోనే కనిపిస్తుంది. ఇక మూడోది పిల్లల సొంత సామాను: పలకలు, బ్యాగులు, అన్నం పళ్లేలు, వాళ్లు గీసిన బొమ్మలు. మూడూ ఒకే గదిలో, చాలాచోట్ల ఒకే బీరువా చుట్టూ సర్దుకుంటాయి. ఒక వస్తువు పాఠంలోకి వస్తుందా, స్టాక్ రిజిస్టరులోనే ఉండిపోతుందా అన్నది దాని ధర మీద పెద్దగా ఆధారపడదు. అది ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, తీసే చేయి ఎవరిది అన్నవే దాన్ని తేలుస్తాయి.

మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి లాంటి మండలంలో ఈ సంగతి మరింత పనికొస్తుంది. వరంగల్–ఖమ్మం రోడ్డు మీద తొర్రూరు దాటాక వచ్చే ఈ ఊరు 2016 జిల్లాల పునర్విభజన వరకు నర్సింహులపేట మండలంలో, పాత వరంగల్ జిల్లాలో ఉండేది. చుట్టూ పెద్దముప్పారం, కుమ్మరికుంట్ల, దాట్ల లాంటి ఊళ్లు, లంబాడీ తండాలు, పాలేరు వాగు. ఇలాంటి పల్లెల్లో ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లో, ఒక్కరో ఉండే బడులు కొత్త కాదు. సారు ఒకటో తరగతితో కూర్చుంటే మూడు, నాలుగు తరగతుల పిల్లలు ఆ ముప్పావుగంట తమంతట తాము పని చేసుకోవాలి. చేతిలో పని ఉంటే చేసుకుంటారు, లేకపోతే గోల మొదలవుతుంది. గది సర్దుబాటు అనగానే అందం, శుభ్రత గుర్తొస్తాయి గాని, ఇద్దరు సార్ల బడిలో అది ముందు మనుషుల కొరత సమస్య.

చాలా బడుల్లో ఈ సామాను తాళం వేసిన బీరువాలోనే ఉండిపోతుంది. ఆ తాళం ఎలా పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1986 జాతీయ విద్యావిధానం వెంట 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైంది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, తప్పనిసరి బోధన సామగ్రి ఉండాలన్నది దాని లక్ష్యం. జిల్లా, రాష్ట్ర, దేశ పటాలు, గ్లోబు, గణితం కిట్టు, సైన్సు కిట్టు, ఆటవస్తువులు, డోలు, హార్మోనియం లాంటి వాద్యాలు, పుస్తకాలు, బడి గంట ఆ జాబితాలో ఉండేవి. జాబితాకు వంక పెట్టలేం. చిక్కు రిజిస్టరు దగ్గర వచ్చింది. ప్రతి వస్తువూ అందులోకి ఎక్కింది. పోయినా పగిలినా సంతకం పెట్టిన హెడ్‌మాస్టరే జవాబు చెప్పుకోవాలి. ఆ భయం చాలు, చాలా బడుల్లో కిట్లు పెట్టె విప్పకుండానే ఏళ్లు గడిపాయి. గ్లోబు తిరగకుండానే తుప్పు పట్టింది. ఇందులో టీచర్ల బద్ధకం కన్నా లెక్కల పద్ధతి తప్పే ఎక్కువ.

ఇంచుమించు అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం, అప్పటి టీచర్ల నోట ‘ఏపీపెప్’, ఈ చిక్కును వేరే వైపు నుంచి పట్టుకుంది. దాని ఆరు సూత్రాల్లో స్థానిక పరిసరాలను వాడుకోవడం ఒకటి. పిల్లల పనిని ప్రదర్శిస్తూ గదిని ఆసక్తికరంగా, పద్ధతిగా సర్దుకోవడం ఇంకొకటి. పై నుంచి వచ్చిన కిట్టు కోసం చూడకుండా ఊళ్లో దొరికేదానితో సామాను చేసుకోవచ్చన్న మాట శిక్షణల్లో బలంగా వినిపించింది అప్పుడే. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) ఆ రాష్ట్రంలో అడుగుపెట్టినప్పుడు తొలి ఐదు జిల్లాల్లో వరంగల్ ఉంది. టీఎల్ఎం చేసుకోవడానికి టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చే పద్ధతి ఆ రోజుల నుంచి సర్వశిక్షా అభియాన్ దాకా సాగింది. 500కు రశీదులు పెట్టాల్సి రావడంతో చార్టులు, స్కెచ్‌పెన్నులే ఎక్కువగా కొన్నారు. చింతగింజలకు రశీదు ఎవరిస్తారు?

తాళం గురించి ఇంకో పాత ముచ్చట ఉంది. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో వాడలో మరియా మాంటిస్సోరి పేద పిల్లల కోసం బడి తెరిచినప్పుడు సామాను పెద్ద బీరువాలో తాళం వేసి ఉండేది. పంచడం, సర్దడం టీచరు పని. ఒకరోజు బీరువాకు తాళం పడలేదు. టీచరు వచ్చేసరికి పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకుని పనిలో పడ్డారు. అది దొంగతనమని టీచరు అనుకుంది. పిల్లలకు సామాను తెలుసు, ఎంచుకోవడమూ తెలుసని మాంటిస్సోరి అనుకుంది. ఆ తర్వాత బీరువాల చోట పిల్లల ఎత్తుకు తగిన తలుపుల్లేని అరలు వచ్చాయి. ఒకటో తరగతి పిల్ల మూడున్నర నుంచి నాలుగు అడుగుల ఎత్తు ఉంటుంది. ఐదడుగుల మీద ఉన్న అర ఆ పిల్లకు సంబంధించినంత వరకు లేనట్టే. కొత్త ఫర్నిచరు లేని బడిలో కిటికీ కింది గట్టు, రెండు వరుసల ఇటుకల మీద పరిచిన చెక్క, పక్కకు పడుకోబెట్టిన పండ్ల పెట్టెలు ఆ పని చేస్తాయి. బీరువాలో దాచాల్సినవి రికార్డులు, కత్తెరలు, బ్లేడ్లు, కొత్త చాక్‌పీసు డబ్బాలు మాత్రమే.

దంతాలపల్లి వైపు ఊళ్లలో ఖర్చు లేకుండా దొరికే సామాను తక్కువేమీ కాదు. పాత పెళ్లిపత్రికల అట్ట గట్టిగా, ఒక పక్క తెల్లగా ఉంటుంది. కోస్తే అక్షర కార్డులు. పోయిన ఏడాది క్యాలెండర్ వెనకవైపు చార్టు అవుతుంది. వాగులో గులకరాళ్లు, పంక్చరు షాపులో పాత ట్యూబులు, కూల్‌డ్రింకు సీసాల మూతలు ఉండనే ఉన్నాయి. వీటిలో కోడిగుడ్ల అట్టకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు. మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే అట్టలో వరుసకు ఆరు చొప్పున ఐదు వరుసలు, మొత్తం 30 గుంతలు. దాన్ని అడ్డంగా మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు ఐదు గుంతల వరుసలు రెండు, అంటే సరిగ్గా పది. అందులో ఏడు చింతగింజలు వేసిన పిల్లకు ఖాళీగా ఉన్న మూడు గుంతలు కళ్లముందే ఉంటాయి. పదికి ఎంత తక్కువో వేళ్లు మడవక్కర్లేదు. ఓమనగుంటలు ఆడిన ఊరికి ఈ గుంతల లెక్క కొత్తేమీ కాదు.

పుల్లల కట్టలది మరో కథ. పది పుల్లలు కలిపి కడితే ఒక పది, పది కట్టలు కలిపితే వంద. 52 లోంచి 27 తీసేయమంటే పిల్ల దగ్గర ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఉంటాయి. ఏడు పుల్లలు ఇవ్వడానికి రెండు చాలవు. ఒక కట్ట విప్పితే పన్నెండు అవుతాయి. ఏడు తీస్తే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు; జవాబు 25. నల్లబల్ల మీద ‘అప్పు తెచ్చుకోవడం’ అని చెప్పే మంత్రం ఇక్కడ కట్ట విప్పడంగా చేతికి తెలుస్తుంది. ఈ పాఠం సాగాలంటే సర్దుబాటులో రెండు చిన్న సంగతులు కుదరాలి. ఒకటి, డబ్బాలో రెండు అరలు ఉండాలి, కట్టలకొకటి, విడి పుల్లలకొకటి. అన్నీ కలిపి పోస్తే సగం పీరియడ్ ఏరుకోవడానికే సరి. రెండోది కట్టే వస్తువు. రబ్బరు బ్యాండ్లు ఒక ఎండాకాలం గడిస్తే పుల్లలకు అతుక్కుని తెగిపోతాయి. పాత సైకిల్ ట్యూబును అడ్డంగా కోసిన రింగులు ఏళ్లు ఆగుతాయి, చిన్న వేళ్లకు విప్పడం కూడా తేలిక.

తీసింది తిరిగి రాకపోతే తెరిచిన అర నెలలో ఖాళీ అవుతుంది. అందుకు మందు డబ్బా మూత మీదే ఉంటుంది. లోపలున్న వస్తువు బొమ్మ, దాని పక్కన సంఖ్య: ‘పుల్లలు 100’, ‘మూతలు 40’. పీరియడ్ చివర గుంపులో ఒకరు లెక్కపెట్టి మూత పెడతారు. రెండో తరగతికి అది కూడా లెక్కల పాఠమే. అర మీద కూడా అదే బొమ్మ అతికిస్తే ఏ డబ్బా ఏ చోటుకు వెళ్లాలో చదవడం రాని పిల్లకూ తెలుస్తుంది. తండాల నుంచి వచ్చే పిల్లల విషయంలో బొమ్మ ఇంకా ముఖ్యం. వాళ్ల ఇంటి మాట గోర్ బోలి. ‘నీళ్లు’ అన్న తెలుగు మాట కన్నా ముందు ‘పాణీ’ తెలిసిన పిల్లకు కూజా బొమ్మ ఉన్న కార్డు రెండు భాషల్లోనూ ఒకటే. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో తొలి చదువు మొదలుపెట్టినప్పుడు అందులో బంజారా భాష, అంటే ఈ గోర్ బోలి, కూడా ఉంది.

సామాను సర్దుబాటునే బోధన పద్ధతిగా మార్చిన తెలుగు ఉదాహరణ మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో ఉంది. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరుతో నడిచే చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విడదీశారు. పుస్తకం పోయి కార్డులు వచ్చాయి. ప్రతి కార్డుకూ ఒక గుర్తు బొమ్మ, ఒక నంబరు. అదే గుర్తు ఉన్న ట్రేలో ఆ కార్డులు ఉంటాయి. గోడకు నిచ్చెనలాంటి పటం వేలాడుతుంది, దాని మీద గుర్తులన్నీ వరుసగా ఉంటాయి. పిల్ల వచ్చి నిచ్చెన మీద నిన్న తాను ఆగిన మెట్టు చూసుకుంటుంది, తర్వాతి గుర్తు ఏదో కనిపెడుతుంది, ఆ ట్రేలోంచి కార్డు తెచ్చుకుంటుంది. ఆ కార్డుకు టీచరు సాయం కావాలా, తోటి పిల్లలు చాలా, ఒంటరిగా చేసుకోవచ్చా అన్నదాన్ని బట్టి ఏ గుంపులో కూర్చోవాలో తేలుతుంది. నాలుగు రోజులు జ్వరం వచ్చి, లేదా మిరప ఏరే రోజుల్లో అమ్మ వెంట చేనుకు వెళ్లి తిరిగొచ్చిన పిల్ల, ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. మొత్తం సామాను ఒక పెట్టెలో పట్టేలా ఉండడంతో దీనికి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అని పేరొచ్చింది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన ‘నలి కలి’కీ, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధనకూ ఇదే మాతృక. ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. ఒక్క కార్డు పోతే ఆ మెట్టు దగ్గర వరుసగా పిల్లలు ఆగిపోతారు. పోయిన కార్డును ఆ వారంలోనే మళ్లీ రాసి పెట్టే అలవాటు లేని బడికి ఈ పద్ధతి అచ్చిరాదు.

తెలంగాణలో 2022 ఆగస్టు 15న పునాది చదువు, లెక్కల కార్యక్రమం ‘తొలిమెట్టు’ మొదలయ్యాక టీఎల్ఎం మాట మళ్లీ బలంగా వినిపించింది. మండల, జిల్లా స్థాయిల్లో టీఎల్ఎం మేళాలు జరిగాయి. మేళాల వల్ల ఒకరి ఉపాయం పదిమందికి చేరుతుంది, కాదనలేం. అయితే థర్మోకోల్, మెరుపు కాగితం, చిన్న బల్బులతో చేసిన నమూనా చూపులకే పనికొస్తుంది. పది చేతులు పడితే రెండో రోజుకు విరుగుతుంది. పెళ్లిపత్రికల కార్డులు నలభై మంది చేతుల్లో నలిగినా ఆ ఏడాది గడిచిపోతుంది, పోతే మళ్లీ కోసుకోవచ్చు.

ఇక గోడలు. ఖాళీ గోడ కనిపిస్తే రంగులు నింపాలనిపించడం సహజం. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 24 మంది చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు అలంకరించిన గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పి చూశారు. అలంకరణ ఉన్న గదిలో పిల్లల దృష్టి పాఠం నుంచి తప్పిన సమయం 38.6 శాతం, లేని గదిలో 28.4 శాతం. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని గోడలన్నిటికీ సున్నం కొట్టాల్సిన పనిలేదు. నల్లబల్ల ఉన్న గోడను మాత్రం ఖాళీగా వదిలి, పక్క గోడల మీద ఆ నెల పాఠానికి పనికొచ్చేవే ఉంచితే సరిపోతుంది. గుణింతాల చార్టు పిల్లల కంటి ఎత్తులో ఉండాలి. పైకప్పు కింద కడితే దుమ్ము తప్ప దాన్నెవరూ చదవరు. పిల్లలు గీసిన బొమ్మలకు ఒక దండెం, నాలుగు క్లిప్పులు చాలు. కొత్తది వచ్చినప్పుడు పాతది ఇంటికి వెళ్తుంది. కథల పుస్తకాలకూ దండెమే మేలు. బీరువాలో వెన్ను కనిపించేలా పేర్చిన పుస్తకాన్ని చదవడం రాని పిల్ల ఎంచుకోలేదు, దండెం మీద అట్టబొమ్మ చూసి ఎంచుకుంటుంది.

చివరి పని ఏప్రిల్‌లో వస్తుంది. ఆ నెల చివరి వారంలో మూసిన బడి జూన్ 12 దాకా తెరుచుకోదు. ఆ ఏడు వారాలూ గది చెదలకు, ఎలుకలకు, తొలకరి తేమకు అప్పగించినట్టే. డబ్బాలు గోడకు జానెడు దూరంలో, ఇటుకల మీద ఉండాలి. మైదా జిగురుతో అతికించిన చార్టులను ఎలుకలు, బొద్దింకలు ముందు పట్టుకుంటాయి. వాటిని చుట్టి మూత బిగిసే టిన్నులో పెట్టాలి. పుస్తకాల మధ్య ఎండు వేపాకు. చింతగింజలు దాచాల్సిన పనిలేదు, పాతవాటికి పురుగు పట్టి ఉంటుంది. ఊళ్లో చింతపండు కొట్టి గింజ తీసే కాలం కూడా అదే. కొత్త గింజలు దోసెడు ఎండబెట్టి పెట్టుకుంటే జూన్‌లో గుడ్ల అట్టల్లోకి అవే వస్తాయి. బడి తెరిచిన మొదటి వారం మూతల మీది సంఖ్యలతో సరిచూసి, తగ్గినవి కొత్త రెండో తరగతి చేతే చేయించుకోవచ్చు. ఆ డబ్బాలు ఏడాది పొడుగునా వాడేది వాళ్లే.