ద్రవం గుట్టు చెప్పే క్వార్ట్జ్ బిళ్ల

రూపాయి నాణెమంత వెడల్పు, మిల్లీమీటరులో మూడో వంతు మందం, రెండు ముఖాలకూ బంగారు పూత. ఈ క్వార్ట్జ్ బిళ్లకు తగిన ఏసీ విద్యుత్తు ఇస్తే పైముఖం ఒక పక్కకు, కిందిముఖం ఎదురు పక్కకు జరుగుతూ సెకనుకు 50 లక్షల సార్లు ఊగుతుంది. చెవికి అందని ఈ అతిధ్వని పుట్టేదీ తిరిగేదీ ఘనపదార్థంలోనే. అయినా పైన పోసిన ద్రవం ఎంత చిక్కనో అదే చెబుతుంది.

ఆ విద్య దానికి ఒక్కరోజులో అబ్బలేదు. క్వార్ట్జ్ వంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో పారిస్‌లో జాక్, పియరీ క్యూరీ సోదరులు కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారమే మారుతుందని మరుసటి ఏడు రుజువు చేశారు. 1920ల నుంచి రేడియో ప్రసారాల పౌనఃపున్యాన్ని నిలకడగా ఉంచే పని క్వార్ట్జ్‌కు దక్కింది. బిళ్ల మీద కాస్త మురికి చేరినా పౌనఃపున్యం దిగిపోయేది. హామ్ రేడియోవాళ్లు కావాలనే పెన్సిల్‌తో గీసి దాన్ని తగ్గించుకునేవారు. జర్మన్ శాస్త్రవేత్త గుంటర్ జావర్‌బ్రై 1959లో ఆ బెడదనే తక్కెడగా మార్చాడు. 50 లక్షల హెర్ట్జ్ బిళ్ల ఒక్క హెర్ట్జ్ తగ్గితే, చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాముల పదార్థం అంటుకున్నట్టు లెక్క.

ద్రవంలో మాత్రం బిళ్ల ఊగడం ఆగిపోతుందని చాలాకాలం అనుకున్నారు. ఒక ముఖాన్నే తడిపి, సర్క్యూట్ సరిచూసుకుంటే ఊగుతుందని 1980లలో తేలింది. అప్పుడు పౌనఃపున్యం ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని 1985లో ఐబీఎం పరిశోధకులు కానజావా, గోర్డన్ ఇచ్చారు. పక్కకు జరిగే ముఖం తనను ఆనుకున్న ద్రవపు పొరనూ లాక్కెళుతుంది. కానీ ఇలా పక్కకు లాగే కదలిక నీటిలో ఎంతో దూరం పోలేదు, దాదాపు 250 నానోమీటర్లలోనే చాలావరకు అణగిపోతుంది. ఆ పొర బరువే బిళ్లను నెమ్మదింపజేస్తుంది. ద్రవం సాంద్రతనూ స్నిగ్ధతనూ (చిక్కదనాన్నీ) గుణిస్తే వచ్చేదానికి వర్గమూలం ఎంతో, తగ్గుదల దానికి అనుపాతం. మంచినీటికి సుమారు 700 హెర్ట్జ్. ఒక్క డిగ్రీ వేడెక్కితే నీటి స్నిగ్ధత దాదాపు 2 శాతం పడిపోతుంది కనుక, ఉష్ణోగ్రతను కదలనివ్వకూడదు.

ఇక్కడే ఓ చిక్కు. పౌనఃపున్యం తగ్గింది ద్రవం చిక్కబడినందుకా, ఏదైనా ప్రోటీన్ అంటుకున్నందుకా? 1990లలో స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో రోడాల్, కసేమో బృందం విద్యుత్తు ఆపేసి, ఊగడం ఎంత త్వరగా చల్లారుతుందో చూసింది. గట్టి పొర అంటుకుంటే పౌనఃపున్యం తగ్గుతుంది గానీ చల్లారే వేగం పెద్దగా మారదు. చిక్కని ద్రవమైతే రెండూ మారతాయి.

ఈ బిళ్లకు తెలిసింది తనను ఆనుకున్న ఆ పలుచని పొరే. రక్తం, పెయింట్ వంటి వాటిలో ఆ పొర కన్నా పెద్ద రేణువులు దాని లెక్కలోకి సరిగా రావు. పాలిమర్ ద్రావణాలు అంత వేగపు ఊపులో వేరుగా ప్రవర్తిస్తాయి. మామూలు స్నిగ్ధతామాపకంతో దీని అంకె కలవనప్పుడు, ఏ పరికరం తప్పో వెతికేకన్నా ద్రవంలో ఏముందో వెతకడం మంచిది.