కొత్త యంత్రంలో పాత ఆట

గ్రామఫోను రికార్డును ఏ కంపెనీ యంత్రంపై పెట్టినా, తగిన వేగంతో త్రిప్పితే అదే పాట వినిపిస్తుంది. టెలివిజనుకు తగిలించి ఆడే వీడియో ఆటల డిస్కు సంగతి అలా కాదు. కొత్త యంత్రంలో అది చక్కగా ఇముడుతుంది. ఆట మాత్రం రాకపోవచ్చు. కారణమేమి?

రికార్డుపై ఉన్నది ధ్వని తరంగాల ముద్ర. ఆట డిస్కుపై బొమ్మలు, శబ్దాలతో పాటు ఆజ్ఞలు కూడా ఉంటవి: ఈ రెండు సంఖ్యలను కూడుము, ఫలితాన్ని ఫలానా గదిలో ఉంచుము, అని. ఇవి యంత్రంలో లెక్కలు చేసే ప్రాసెసర్‌కు తెలిసిన సంకేత భాషలోనే ఉంటవి. ప్రాసెసర్ జాతి మారితే ఆ భాష కూడా మారుతుంది.

జపాను దేశపు సోనీ సంస్థ 1994లో ప్లేస్టేషన్ యంత్రాన్ని విడుదల చేసినది. 2000లో ప్లేస్టేషన్ 2 తయారుచేసినప్పుడు ఇంజనీర్లు ముచ్చటైన ఉపాయం పన్నినారు. పాత ప్రాసెసర్‌ను కొత్త యంత్రంలో ఉంచి, కంట్రోలర్లు మొదలైన వాటితో వ్యవహరించే చిల్లర పనులు దానికి అప్పగించినారు. పాత డిస్కు పెట్టినప్పుడు అదే పెత్తనం వహించేది. బొమ్మలు గీసే భాగాన్ని మాత్రం కొత్త చిప్పులు అనుకరించేవి. చిల్లర పనులలో సెకనుకు సుమారు 3.7 కోట్ల స్పందనలతో నడిచే ఆ ప్రాసెసర్, పాత ఆటకు సుమారు 3.4 కోట్లకు, అనగా తన పూర్వపు వేగానికి, తగ్గేది. వేగం ఎక్కువైతే మేలే కదా అనిపించవచ్చు. కాని పాత ఆటలలో కొన్ని ఆ వేగాన్నే గడియారంగా నమ్ముకొని వ్రాసినవి.

2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 తొలి నమూనాలలోనూ పాత చిప్పులను పెట్టినారు. ఖర్చు బరువైనది. 2007లో ఐరోపాలో అమ్మిన నమూనాలో పాత ప్రాసెసర్‌ను తీసివేసి, దాని స్థానంలో ఒక ప్రోగ్రామును దుబాసిగా నియమించినారు. పాత ఆజ్ఞను ఒక్కొక్కటిగా చదివి, అర్థం గ్రహించి, కొత్త భాషలో చేయించడం దాని పని. ఒక పాత ఆజ్ఞకు పలు కొత్త ఆజ్ఞలు కావలసి వస్తవి. పైగా ప్లేస్టేషన్ 2లో అనేక విభాగాలు ఏకకాలంలో పనిచేస్తవి. వాటి తాళం తప్పితే ఆట చెడుతుంది. ఆ ఏటి చివర వచ్చిన చవక నమూనాలో ప్లేస్టేషన్ 2 డిస్కులు అసలే ఆడలేదు. చిత్రమేమంటే, అంతకన్న పాతవైన 1994 నాటి యంత్రపు డిస్కులు అందులోనూ ఆడినవి! సరళమైన యంత్రాన్ని అనుకరించడం తేలిక. మనుమనికి తాత భాష వచ్చినది, తండ్రి భాష రాలేదన్నమాట.

2013 నాటి ప్లేస్టేషన్ 4కు మామూలు కంప్యూటర్ల జాతి ప్రాసెసర్‌ను ఎన్నుకొన్నారు. 2020 నాటి ప్లేస్టేషన్ 5దీ అదే జాతి. కనుక డిస్కు డ్రైవు ఉన్న నమూనాలలో ప్లేస్టేషన్ 4 ఆటలు, కొద్దివి మినహా, నడుస్తవి. ప్లేస్టేషన్ 3 డిస్కులకు ఈ రెండింటిలోనూ చోటు లేదు. దాని ‘సెల్’ ప్రాసెసర్‌లో ఒక ప్రధాన విభాగము, ఆటలకు అందుబాటులో ఆరు సహాయక విభాగాలు ఉన్నవి. ఇంత విచిత్రమైన నిర్మాణానికి దుబాసిని తయారుచేయడం కష్టం. అయినా 2011లో ఔత్సాహికులు ఆర్‌పీసీఎస్3 అనే ప్రోగ్రామును ఆరంభించినారు. నేడు శక్తివంతమైన కంప్యూటర్లపై ఆ యంత్రపు ఆటలలో అధికభాగం దాని ద్వారా ఆడుతున్నవి.