ప్రసంగిలో తప్ప మరెక్కడా లేని మాటలు

ప్రసంగి గ్రంథం తొలి వచనమే మాట్లాడే మనిషిని దావీదు కుమారుడిగా, యెరూషలేము రాజుగా పరిచయం చేస్తుంది. అందుకే ఇది సొలొమోను రచన అనీ, క్రీ.పూ. 10వ శతాబ్దానిదనీ సంప్రదాయం చెబుతూ వచ్చింది. కానీ అందులోని హీబ్రూ ఆ వయసుకు అతకదు. 222 వచనాల ఈ చిన్న పుస్తకంలో హీబ్రూ బైబిల్ మొత్తంలో ఇంకెక్కడా దొరకని మాటలు పదే పదే ఎదురవుతాయి. ఒక గ్రంథానికే పరిమితమైన ఇలాంటి మాటల్ని ఏరడం ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు క్షణాల పని.

ఈ ఏరివేత మాత్రం పాతదే. క్రీ.శ. 1008 ప్రాంతంలో కైరోలో రాసిన లెనిన్‌గ్రాడ్ ప్రతి ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ గ్రంథాలయంలో ఉంది. దాని అంచుల్లో కొన్ని మాటలకు ఎదురుగా ‘లామెద్’ అనే ఒక్క అక్షరం, దాని నెత్తిన ఓ చుక్క కనిపిస్తాయి. ‘ఇలాంటిది మరొకటి లేదు’ అని ఆ గుర్తుకు అర్థం. మసొరెతులు అనే పండితులు తరతరాలుగా వల్లెవేసి, లెక్కపెట్టి పెట్టిన గుర్తులివి. అయితే వాళ్లు లెక్కలోకి తీసుకున్నది పదం కాదు, పదరూపం. అదే పదం వేరే ప్రత్యయంతో ఇంకోచోట ఉన్నా, ఈ రూపం ఒక్కసారే వస్తే చాలు, చుక్క పడేది.

కంప్యూటర్‌కు పదమే కావాలి. ఆంస్టర్‌డ్యామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో 1977లో ఏప్ తాల్‌స్ట్రా మొదలుపెట్టిన బృందం హీబ్రూ బైబిల్‌లోని ప్రతి మాటకూ దాని నిఘంటు రూపం, వ్యాకరణ వివరాలు జతచేస్తూ వచ్చింది. అతుక్కున్న విభక్తుల్ని కూడా విడివిడిగా లెక్కిస్తే అవి 4 లక్షల 26 వేల పైచిలుకు మాటలు. ఈ భండారాన్ని టెక్స్ట్-ఫాబ్రిక్ అనే ఉచిత పైథాన్ ఉపకరణంతో ఎవరైనా వెతకవచ్చు. పద్ధతి తేలికే: ఒక్కో నిఘంటు రూపం ఏయే గ్రంథాల్లో ఉందో జాబితా రాయించాలి, ఆ జాబితాలో ఒకే పేరు మిగిలినవాటిని పక్కకు తీయాలి.

నిఘంటు రూపం లేకుండా ఉత్త అక్షరాలతో వెతికితే ఏమవుతుందో 2వ అధ్యాయం 13వ వచనం చూపిస్తుంది. లాభం, మేలు అనే అర్థమున్న ‘యిత్రోన్’ అక్కడ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి విడిగా ఉంటుంది. రెండోసారి ‘వలె’ అనే ప్రత్యయం ముందు చేరి, సంధి జరిగి ‘కీత్రోన్’ అవుతుంది. మనకు ఇల్లు అన్నది ఇంటికి, ఇంట్లో అని వెనకవైపు మారినట్టు హీబ్రూలో ముందువైపు మారుతుంది. యంత్రానికి ఆ సంగతి ఎవరో ఒకరు నేర్పకపోతే అవి రెండు వేర్వేరు మాటలే.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. ‘ఇప్పటికే’ అని అర్థమిచ్చే ‘కెవార్’ ప్రసంగిలో 9 సార్లు వస్తుంది. యెహెజ్కేలు దర్శనం చూసిన కెబారు నది పేరు కూడా అచ్చంగా అవే అక్షరాలు, అవే అచ్చు గుర్తులు. రెంటినీ విడదీయకపోతే ‘కెవార్’ జాబితాలోంచి జారిపోతుంది. గాలి వెంట పరుగును చెప్పే ‘రెఊత్’ది కూడా ఇదే కథ, నిర్గమకాండంలో, ఎస్తేరులో ‘తోటి స్త్రీ’ అనే మాట దానిలాగే ఉంటుంది.

ఇవన్నీ సరిచేశాక మిగిలే జాబితాలో యిత్రోన్ 10 సార్లు, కెవార్ 9, వ్యవహారమనే అర్థమున్న ‘ఇన్యాన్’ 8, రెఊత్ 7 సార్లు కనిపిస్తాయి. ఇదే ప్రశ్న దినవృత్తాంతాల మొదటి గ్రంథాన్ని అడిగితే వచ్చేది ఎక్కువగా మనుషుల పేర్లే, ఎందుకంటే తొలి 9 అధ్యాయాలు వంశావళులు. పేర్లను వడకట్టాకే పోలిక మొదలుపెట్టాలి. పెద్ద పుస్తకంలో ప్రత్యేక పదాలు సహజంగానే ఎక్కువ ఉంటాయి గనుక నిడివిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బైబిల్‌లో అరుదైనది భాషలో అరుదైనదే కానక్కర్లేదు. కెవార్, ఇన్యాన్ ఈనాటి ఇజ్రాయెల్‌లో రోజూ నోట నలిగే మాటలు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా హీబ్రూలో కూడా అవి మామూలే. అంటే ప్రసంగి రచయిత వింత పదాలు పుట్టించలేదు, తర్వాతి కాలపు వాడుకకు దగ్గరగా రాశాడన్నమాట.

విచిత్రమేమిటంటే, కాలనిర్ణయానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఈ జాబితాలోకి రానేరాదు. తోట అనే ‘పర్దేస్’, తీర్పు లేదా శాసనం అనే ‘పిత్‌గామ్’ పాత పారసీకం నుంచి వచ్చిన మాటలు. మొదటిది పరమగీతంలో, నెహెమ్యాలో కూడా ఉంది. రెండోది ఎస్తేరులో ఉంది. కాబట్టి ‘ఒకే గ్రంథం’ అనే జల్లెడలో రెండూ రాలిపోతాయి. ‘ప్రసంగి, దానితో పాటు పారసీక కాలపు గ్రంథాల్లో మాత్రమే’ అని ప్రశ్న మారిస్తేనే పైకి తేలతాయి. పారసీకులు బబులోనును గెలిచింది క్రీ.పూ. 539లో. ఆ మాటలు హీబ్రూలో స్థిరపడింది ఆ తర్వాతేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

రెండో హద్దు మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ 4వ గుహలో దొరికింది. అక్కడి ప్రసంగి ప్రతి ముక్కలు క్రీ.పూ. 2వ శతాబ్దానివి. ఈ రెండు హద్దుల మధ్య పారసీకుల ఏలుబడిలో రాశారా, అలెగ్జాండర్ తర్వాతి గ్రీకుల కాలంలోనా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. అందరూ ఒప్పుకొనే గ్రీకు మాట ఒక్కటి కూడా ఈ పుస్తకంలో లేదు.